బంగారు చేపల కొలను మరమ్మతు

పెరటిలోనో వాకిటి ముందరనో చిన్న సిమెంటు కొలను కట్టించి, అందులో నాలుగు కలువ దుంపలు నాటి, పది బంగారు చేపలను విడిచి, సాయంకాలము దాని గట్టున కూర్చుండుట పలువురకు ప్రీతికరమైన వ్యాపకము. కట్టించిన రెండు మూడేండ్లు సుఖముగనే గడచును. పిమ్మట ఒకానొక వేసవిలో నీరు దిగిపోవుట కనబడును. నిన్న గట్టునకు రెండంగుళముల క్రింద నున్న మట్టము నేడు మూడున్నర అంగుళముల క్రింద నుండును. ఇంటివారు బిందెలతో నింపుదురు. మరునాటికి మరల దిగును. మూడవనాడు తాపీ మేస్త్రీకి కబురు పోవును.

నేను చెప్పదలచినది ఆ మూడవనాటి నుండి జరుగు కథ. కొలను ఓడుట చేత చేపలు చచ్చుట మిక్కిలి అరుదు. నీరు దిగుట కంటికి కనబడును, దిగినంత పోయుదుము. చేపలు చచ్చునది సాధారణముగా మరమ్మతు చేత. ఓటికుండకు లక్క పెట్టినట్లు కొలనునకు సిమెంటు పెట్టి చేతులు దులుపుకొనుటకు వీలు లేదు. మేస్త్రీకి కావలసినది నీరు నిలుచు గోడ. చేపకు కావలసినది ఆ గోడల నడుమ నెలల తరబడి కుదురుకొన్న నీరు. ఈ రెండింటిని ఒక్క పనిలో సాధింపవలసి యున్నది.

బంగారు చేప మన దేశమున పుట్టినది కాదు. చీనాదేశమున వేయి సంవత్సరములకు పూర్వమే, బూడిదవన్నె చేపలలో అరుదుగా పొడసూపిన పసుపు, ఎరుపు వన్నెల పిల్లలను ఏరి పెంచి, తరతరములుగా స్థిరపరచిన జాతి ఇది. 17వ శతాబ్దమున ఐరోపాకు చేరినది. మన శీలావతికిని, బొచ్చెకును ఇది చుట్టము, ఒకే కుటుంబములోనిది. బాగుగ చూచుకొన్నచో పది పదునైదేండ్లు బ్రతుకగల గట్టి ప్రాణి. ఆ గట్టితనమే దానికి చేటు తెచ్చుచున్నది. ఎట్టి నీటిలో వేసినను ఓర్చునని మనము తలచుచున్నాము.

మొట్టమొదట కొలను నిజముగా ఓడుచున్నదా యని తెలిసికొనవలెను. మన ఎండలలో, ముఖ్యముగా రోహిణీకార్తెలో వడగాలి కొట్టు దినములలో, తెరపినున్న నీరు రోజునకు సెంటీమీటరు వరకు ఆవిరియై పోవచ్చును. దీనిని పరీక్షించుటకు ఒక బాల్చీ చాలును. కొలనులో ఇటుకలు పేర్చి, వానిపై బాల్చీని నిలిపి, బాల్చీలోని నీరును కొలనులోని నీరును ఇంచుమించు ఒకే మట్టమున నుండునట్లు నింపి, రెండింటికిని గుర్తులు పెట్టవలెను. జలయంత్రమున్నచో ఆపివేయవలెను. ఒక పగలు, ఒక రాత్రి గడచిన పిమ్మట చూచిన యెడల, రెండును సమముగా దిగియున్నచో ఆ నీరు సూర్యునికి పోయినది, భూమికి కాదు. కొలనులో ఎక్కువగా దిగినచో ఆ ఎక్కువ భాగమే ఓటి. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల కొలనులో అంగుళము నీరు దిగుట యనగా దాదాపు తొంబదినాలుగు లీటర్లు పోవుటయే. ఇక జలయంత్రము నడచునప్పుడు మాత్రమే నీరు తరిగి, ఆపినప్పుడు తరుగకున్నచో దోషము కొలనుది కాదు. గొట్టపు కీళ్లదో, గాలికి ఎగిరిపోవు తుంపరలదో అయి యుండును. అట్టివారు మేస్త్రీని పిలువకయే గట్టెక్కిరి.

ఓటి యున్నదని తేలిన తరువాత దాని చోటు తెలియవలెను. నీరు పోయుట మాని, దిగనిచ్చి, ఏ మట్టమున దిగుట నిలుచునో చూచుట పాత పద్ధతి, మంచి పద్ధతియు. ఆ మట్టమున చుట్టును గోడ వెదకినచో పగులు దొరకును. అయితే పగులు అడుగుననే యున్నచో నీరు ఎచ్చటను నిలువదు. కావున లోతు సగమునకు వచ్చినంతనే ఈ పరీక్షను ఆపి, చేపలను తీసివేయవలెను. రాత్రి నిద్రించి ఉదయమున చూతమనుకొనుట తగదు. అనుమానమున్న చోట మరియొక ఉపాయము కలదు. నీరు కదలకుండ నుంచి, సూది తీసిన సిరంజితో రెండు మూడు చుక్కల పాలను పగులు దగ్గర మెల్లగా విడిచినచో, ఓటి యున్న వైపునకు తెల్లని గీత సాగిపోవును. చుక్కలు మాత్రమే సుమా. పాలు ఎక్కువైనచో నీరు కుళ్లును. నీటిలో చేయి పెట్టుటకు ముందు పంపునకు వచ్చు విద్యుత్తును ఆపవలెనని వేరుగ చెప్పనక్కరలేదు గాని, చెప్పుచున్నాను.

అనుభవమున చూడగా ఓటి తరచుగా మూడు తావులందుండును: గొట్టము గోడలోనుండి వచ్చు చోట, గోడయు నేలయు కలియు మూలను, పగులులో మొలచిన రావిమొక్క వేరు దిగిన చోట. నల్లరేగడి నేలలో మరియొక చిక్కు కలదు. ఆ మన్ను వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిపై గల సిమెంటు పలక ఏటేట కదలుచుండును. అట్టి చోట ఎంత నేర్పుగ పూసినను మరుసటి వేసవికి పగులు మరల విచ్చుకొనును. దీనికి వేరు మార్గము ముందు చెప్పెదను.

ఇక చేపల సంగతి. అసలు పని ఇదియే.

వానిని ఉంచవలసిన తొట్టిని గురించి ముందుగా ఒక హెచ్చరిక. మన ఇండ్లలో పెద్ద పాత్ర యనగానే పెండ్లిండ్లకు వాడు ఇత్తడి గంగాళము, లేదా రాగి అండా జ్ఞప్తికి వచ్చును. అవి పనికిరావు. రాగి నీటిలో స్వల్పముగా కరగినను చేపల మొప్పలకు విషము. తుత్తునాగపు పూత గల రేకు తొట్టెలును అట్టివే. సబ్బునీటికి వాడిన ప్లాస్టికు తొట్టెను ఎంత కడిగినను నమ్మరాదు. అన్నింటికంటె చవుకయు మేలునైన ఉపాయమొకటి కలదు. నీడగల వసారాలో ఇటుకలను అడ్డముగా రెండు వరుసల మందమున, అడుగెత్తున, ఆరడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పు గల చతురస్రముగా పేర్చి, లోపల శుభ్రముగ కడిగిన మందపు ప్లాస్టికు పట్టాను పరచి, అంచులను ఇటుకల మీదికి మడచి బరువులు పెట్టినచో, దాదాపు ఆరువందల లీటర్లు పట్టు తొట్టి సిద్ధమగును. జానెడు చేపకు ఒక్కొక్కదానికి ఇరువది లీటర్లకు తగ్గరాదని నా లెక్క. లోతుగా ఇరుకుగా ఉన్న పాత్రకంటె తెరపిగా ఉన్నది మంచిది, ఏలయన నీటిలోనికి ప్రాణవాయువు చేరునది పైతలమునుండియే. ఇరువది డిగ్రీల వేడి గల లీటరు నీటిలో తొమ్మిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. ముప్పది డిగ్రీలకు అది ఏడున్నరకు తగ్గును. కనుక నీడ తప్పనిసరి. గాలి బుడగలను విడుచు చిన్న యంత్రము నొకదానిని తెచ్చి పెట్టుడు. కరెంటు పోవు ఊరయినచో బ్యాటరీతో నడచునది మేలు.

ఈ తొట్టిని నింపవలసినది కొలనులోని పాత నీటితోనే. చూచుటకు పచ్చగా, మురికిగా ఉన్నను చేప దానికి అలవాటుపడి యున్నది. పాత నీటికంటెను విలువైనది కొలనులోని రాళ్లకు, వడపోత స్పంజికి పట్టిన జిగురు. చేప తన మొప్పలనుండి అమోనియాను విడుచును. అది దానికే విషము. రాళ్లను, స్పంజిని అంటుకొనియుండు సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రైటుగాను, దానిని మరల నైట్రేటుగాను మార్చును. ఈ చివరిది అంతగా హాని చేయదు. ఈ సూక్ష్మజీవుల సంసారము క్రొత్తచోట కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మరమ్మతునాడు ఉత్సాహముగా స్పంజిని కుళాయి క్రింద పెట్టి తెల్లగా ఉతికి ఆరవేసినవారు ఒక్క నిమిషమున ఆ సంసారమును కూల్చినవారగుదురు. కుళాయి నీటిలోని క్లోరిను వానిని చంపును. స్పంజిని తడి ఆరనీయక, కొలను నీటితోనే తెచ్చి, తొట్టిలో నడుచునట్లు పెట్టవలెను. గులకరాళ్లలో కొన్నింటిని ఒక వలసంచిలో కట్టి అందులోనే వ్రేలాడదీయవచ్చును.

చేపలను పట్టుటకు తెల్లవారుజాము చల్లగా ఉండునని పలువురు ఆ వేళనే పూనుకొందురు. అది సరికాదు. పచ్చని నీటిలో రాత్రియంతయు నాచు కూడ ప్రాణవాయువును పీల్చుచుండుటచే, తెల్లవారుజామున అది మిక్కిలి తక్కువగా ఉండును. ప్రొద్దెక్కిన గంట రెండు గంటలకు, ఎండ ముదరక ముందు చేయుట మంచిది. ముందునాడు మేత మానుపవలెను. నీటిని మోకాలికి లోతుకు దింపి, కలువ కుండీలను తీసి, వలతో తరుమక, వలను అడ్డుపెట్టి చేపను ఒక మూలకు మెల్లగా నడిపించి, నీటిలోనే ముంచియుంచిన గిన్నెలోనికి ఎక్కించి, నీటితో సహా ఎత్తవలెను. చేపకు చొక్కా దాని ఒంటిమీది జిగురు పొర. పొడి చేయి తగిలినను, ముతక వల తగిలినను అది ఊడి, ఆ చోట తెవులు పుట్టును. బుడగ కన్నులవి, విసనకఱ్ఱ తోకలవి ఉన్నచో మరింత మెలకువ కావలెను. తొట్టిపై వల కప్పుట మరువరాదు. క్రొత్తచోట బెదరిన చేప ఎగిరి బయటపడును. అది ఎగురకున్నను పిల్లియు, లకుముకి పిట్టయు కనిపెట్టుకొనియే యుండును.

తొట్టిలో మొదటి రెండు దినములు మేత వేయరాదు. పిల్లలు జాలిపడుదురు గాని, ఆరోగ్యముగ నున్న బంగారు చేప వారము దినములు మేత లేకున్నను చెడదు. తినిన మేతయే అమోనియా యగును గదా. తరువాత రోజు విడిచి రోజు చిటికెడు చాలును. ప్రతిదినము తొట్టి నీటిలో నాలుగవ వంతు తీసి, అంతే వేడి గల మంచినీరు పోయవలెను. కుళాయి నీరయినచో వెడల్పు పాత్రలో ఒక దినము ఎండలో నుంచిన క్లోరిను పోవును. క్లోరమీను కలిపిన నీటికి ఈ ఉపాయము పారదు. చేపల దుకాణములలో అమ్ము సోడియం థయోసల్ఫేటు వేయవలెను. అదియు క్లోరమీనులోని క్లోరినును విరుచును గాని అమోనియాను వదలిపెట్టును, కావున స్పంజి యుండుట అవసరము. బావిలో బ్లీచింగు పొడి చల్లిన నాడు ఆ నీటి జోలికి పోరాదు. లోతైన బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చును. ఒక బాల్చీనుండి మరియొక బాల్చీలోనికి ఎత్తునుండి నాలుగైదు మారులు పోసినచో సరిపడును. లీటరునకు ఒక గ్రాము చొప్పున ఉప్పు వేసిన చేపలకు కొంత తెరపి కలుగును, నైట్రైటు బాధయు తగ్గును. తొట్టిలో మొక్కలున్నచో ఉప్పు వలదు.

ఇంత వ్రాసిన పిమ్మట మేస్త్రీ పని నాలుగు మాటలలో చెప్పవచ్చును. పగులు పైని పూసినచో నిలువదు. ఉలితో పగులును అంగుళము లోతు వరకు విప్పి, నోటికంటె లోపల వెడల్పుగా ఉండునట్లు చెక్కి, దుమ్ము కడిగి, తడిపి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపిన గట్టి మాలుతో కూరవలెను. గోడయు నేలయు కలియు మూలలను గుండ్రముగ తీర్చవలెను. పాత పూత గుల్లబారినచో అంతయు రాల్చి రెండు పూతలు వేయుటయే లాభము. పిమ్మట వారము, పది దినములు తడి గోనెలు కప్పి ఆరనీయక ఉంచవలెను. త్వరగా ఆరిన పూత సన్నని బీటలు వారి మరల ఓడును. తారు, ఇంటి గోడల రంగులు, స్నానాల గదులకు వాడు బూజు పట్టని సిలికోను మొదలగునవి లోపల పూయరాదు. బూజును చంపునది చేపను మన్నింపదు. గొట్టము చుట్టును సన్నని ఓటి మాత్రమే యున్నచో, నీటిలోనే గట్టిపడు రెండు ముద్దల ఎపాక్సీ పుట్టీలు దొరకుచున్నవి. చేపల కొలనులకు పనికివచ్చునని దానిపై వ్రాసియున్నచో, నీరంతయు తీయకయే పని ముగియును.

ఇక సున్నము సంగతి. ఒక గృహమున జరిగినది నాకు తెలియును. కొలను పూత పూసిన నాలుగవనాడు మేస్త్రీ వచ్చి తాపీ పిడితో గోడమీద తట్టి, “అయ్యగారూ, రాయిలాగ గట్టిపడిందండీ. ఇక నీళ్లు పెట్టేయొచ్చు” అనెను. అతని మాట అబద్ధము కాదు. పూత గట్టిగనే యున్నది, ఒక్క చుక్క ఓడలేదు. అద్దమువంటి తేట నీరు నింపిరి. సాయంకాలము పండ్రెండు చేపలను విడిచిరి. అవి కొంతసేపు బాణములవలె అటు నిటు పరుగులెత్తెను; పిల్లలు ఆటలాడుచున్నవని సంతోషించిరి. తెల్లవారునప్పటికి పండ్రెండును తేలెను. ఒంటిమీద తెల్లని పొర కట్టియుండెను. ఓటి కొలనులో ఆరేండ్లు బ్రతికిన చేపలవి.

సిమెంటు నీటితో కలిసి గట్టిపడునప్పుడు సున్నము పుట్టును. అది పూతనుండి నీటిలోనికి వారముల తరబడి ఊరుచుండును. నీటి క్షారగుణమును పీహెచ్ అను అంకెతో కొలుతురు. ఏడు సమస్థితి. మంచి కొలను ఏడుకును ఎనిమిదిన్నరకును మధ్య నుండును. సున్నపుతేట పండ్రెండునకు పైన నుండును. ఒక్కొక్క అంకె పెరుగుట యనగా పదిరెట్లు పెరుగుట. చేప మొప్పలు దానిని భరింపలేవు. ఇంతే కాదు. ఇందాక చెప్పిన అమోనియా యొక్క విషరూపము కూడ ఈ అంకెతో పెరుగును. ఇరువదియైదు డిగ్రీల నీటిలో పీహెచ్ ఏడుగా ఉన్నప్పుడు మొత్తము అమోనియాలో విషరూపమున నుండునది నూటికి ఒక పాలైనను కాదు. ఎనిమిదికి అయిదు పాళ్లగును. తొమ్మిదికి మూడవవంతు దాటును. క్రొత్త సిమెంటును, క్రొత్త నీరును, కడిగివేసిన స్పంజియు ఒకే దినమున కలిసినచో మూడు వైపులనుండి ముట్టడి జరిగినట్లే.

కావున తడిగోనెల వారము ముగిసిన పిమ్మట కొలనును నింపి, మూడు దినములుంచి, పారబోసి, గోడలను కొబ్బరిపీచుతో రుద్ది, మరల నింపవలెను. ఇట్లు అయిదారు మారులు. మన ప్రాంతములలో కొందరు ఆ నీటిలో అరటిబోదె ముక్కలను వేసి నానవేయుదురు. కుళ్లునప్పుడు పుట్టు ఆమ్లము సున్నమును కొంత విరుచును. చేయవచ్చును గాని, ఆ నీటిని ముక్కలతో సహా పూర్తిగా పారబోసి కడుగవలెను, లేనిచో కుళ్లు ప్రాణవాయువును తినివేయును. వెనిగరుతో తుడుచుట పైపైని మాత్రమే పని చేయును. లోపలి సున్నము రెండు దినములకు మరల పైకి వచ్చును. మూడేసి దినములకు నీరు మార్చుటలో మరియొక లాభము కలదు. చేపలు లేని ఆ నీటిలో దోమలు గ్రుడ్లు పెట్టును. డెంగీ తెచ్చు దోమకు గ్రుడ్డునుండి రెక్కలు వచ్చుటకు ఇంచుమించు వారము, పది దినములు చాలును.

చాలునా, ఇంకను నానవలెనా యని దినములు లెక్కించి చెప్పరాదు. దుకాణములో పీహెచ్ కాగితములు స్వల్పవెలకు దొరకును. నింపిన వెంటనే కాక, నింపిన రెండవనాడో మూడవనాడో కాగితము ముంచి చూడవలెను. ఆనాటికిని ఎనిమిదిన్నరకు లోపల నిలిచినచో సున్నము ఊరుట తగ్గినదని అర్థము. పరీక్షకు ఒక చేపను ముందుగా విడిచి చూతమను వారున్నారు. కాగితము చేయగల పనికి ప్రాణమును పెట్టుట నాకు నచ్చదు.

ఇదంతయు లెక్కించిన చేపలు తొట్టిలో నెలకు తక్కువ కాకుండ ఉండవలసివచ్చును. ఆ నెల సేవ చేయుట సాధ్యమా యని పనికి ముందే ఆలోచింపవలెను. సాధ్యము కానిచో కొలనుగల మిత్రునకు అప్పగించుట మంచిది. ఊరి చెరువులోనో కాలువలోనో విడుచుట మాత్రము కూడదు. పరాయి చేప అచ్చటి చేపలకు పోటీయు, తెవుళ్లును తెచ్చును. వేసవి నెలలలో ఈ పని పెట్టుకొనక, ఓటి సన్ననిదైనచో క్లోరిను పోయిన నీటిని రోజును కొంత పోయుచు కార్తిక మార్గశిరముల వరకు ఈడ్చుట నా సలహా. వానలు వెనుకబడి, నీరు చల్లబడి, తొట్టిలోని చేపకు ఊపిరి సుఖముగ నుండు కాలమది.

నెల ఆగలేనివారికిని, నల్లరేగడివారికిని మరియొక మార్గము కలదంటిని. పాత సిమెంటును కదలింపకయే, లోపల మందపు రబ్బరు పట్టాను పరచుట. ఎనిమిది, అయిదడుగుల కొలను రెండడుగుల లోతున్నచో, పొడవునకు ఎనిమిదియు, లోతు రెండు ప్రక్కలకు నాలుగును, అంచులకు రెండును కలిసి పదునాలుగడుగులు. వెడల్పునకు అట్లే పదునొకండడుగులు కావలెను. క్రింద పాత కంబళ్లు పరచి మొనలను కప్పవలెను. నేల కదలినను పట్టా సాగును, సున్నము బాధ లేదు, రెండు మూడు దినములలో పని తీరును. వెల ఎక్కువ, పందికొక్కులున్న పెరటిలో దానికి ఆయుర్దాయము తక్కువ.

చేపలను తిరిగి విడుచునప్పుడు కొలనులో సగమైనను తొట్టిలోని పాత నీరు, కుదిరిన కొలనుగల ఇంటినుండి తెచ్చిన నీరు కలిపిన మేలు. ముందు స్పంజిని, రాళ్లను దింపి నడిపింపవలెను. చేపలను నీటితో సహా సంచులలో కట్టి, కొలనులో పదునైదు నిమిషములు తేలవిడిచి, సంచిలోనికి కొద్దికొద్దిగా కొలను నీరు కలుపుచు, అరగంటకు బయటకు వదలవలెను. సాయంకాలము చల్లని వేళ ఇందుకు తగినది. మొదట రెండు మూడింటిని విడిచి, స్పంజి వాని భారమును మోయుచున్నదని తెలిసిన పిమ్మట నాలుగైదు దినములకు తక్కినవానిని విడుచుట మంచిది. గట్టున నీటిమట్టమునకు సుద్దతో ఒక గీత గీచి, వారము దినములు ఉదయమున దానిని, సాయంకాలమున పీహెచ్ కాగితమును చూచుచుండుడు. ఆ వారము మేత చిటికెడే.